రిలీజ్ వారంలో కొన్న పోకెమాన్ కార్డు 3 వారాల్లో సగం రేటుకి పడింది, అమ్మేయాలా?

మోసమేం కాదండి, తొందరపడి రిలీజ్ వారంలో కొన్నారు, అంతే. అప్పటికి బాక్సులు విప్పినవాళ్లు తక్కువ, కావాలనేవాళ్లు ఎక్కువ, ఇప్పుడేమో బెంగళూరులో కోరమంగళ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా అందరి బైండర్లలో (కార్డులు దాచే ఆల్బమ్‌లు) అదే కార్డు, ఇంక రేటెలా నిలుస్తుంది.

1. అందరూ వదిలేసేది ఇదే: ఈబేలో అడిగే రేటు చూడొద్దు, సోల్డ్ ఐటమ్స్ ఫిల్టర్ పెట్టి నిజంగా అమ్ముడైన రేటు చూడండి, అదీ కార్డు నంబరు కొట్టి, ఎందుకంటే ఒకే పేరు మీద మామూలుదీ ఉంటుంది ఫుల్ ఆర్టూ (కార్డంతా బొమ్మే ఉండేది) ఉంటుంది (నేనూ ఇక్కడే బోల్తా పడ్డా).
2. కార్డు కింద ఎడమ మూలన ఉన్న అక్షరం చూడండి, ఆ కార్డు టోర్నమెంట్లలో ఇంకా చెల్లుతుందా లేదా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం ఉన్నవి స్టాండర్డ్ (ఈమధ్య సెట్ల కార్డులతోనే ఆడే టోర్నమెంట్ పద్ధతి) నుంచి పోయాయి, మీది కొత్త సెట్టు కాబట్టి ఇప్పుడే ఆ భయం లేదు.
3. డెక్‌లో ఆడుతుంటే ఉంచేయండి. లేదంటే అమ్మేయండి, సెట్టు ఇంకా ప్రింటవుతుంటే పెరగడం కష్టం.