మే నెలలో పిల్లలతో స్పెయిన్ వస్తున్న అమ్మలుకి, పెద్దమ్మ నుంచి

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశానే. పది రాత్రుల్లో మాడ్రిడ్, టొలేడో, సెవిల్లె, గ్రనాడా, బార్సిలోనా, మధ్యలో ఒక పూట లిస్బన్ కూడా పెట్టేశావు, అదీ ఎనిమిదేళ్ళవాడితో, నాలుగేళ్ళదానితో, పైగా మీ అత్తగారితో! అంత డబ్బు పోసి అంత దూరం వస్తున్నాం కదా అన్నీ చూసేద్దాం అని ఉంటుంది, ఎవరికైనా ఉంటుంది, కానీ ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు మింగేస్తుంది, సర్దుకోవడం, చెక్ అవుట్, స్టేషన్, మధ్యాహ్నం మూడింటిదాకా కొత్త రూమ్ ఇవ్వరు, అప్పటిదాకా సామాన్లతో పిల్లలతో రోడ్డు మీద. మూడు ఊళ్ళు చాలు. మాడ్రిడ్‌లో నాలుగు రాత్రులు, వాలెన్సియాలో రెండు, బార్సిలోనాలో నాలుగు. ఫ్లైట్ దిగడం మాడ్రిడ్‌లో, తిరిగి ఎక్కడం బార్సిలోనాలో పెట్టుకో, దోహా మీదుగా అయినా దుబాయ్ మీదుగా అయినా రెండు ఊళ్ళకీ ఉన్నాయి, మళ్ళీ మాడ్రిడ్‌కి వెనక్కి రానక్కర్లేదు.

గ్రనాడా తీసేశానని అలగకు. అక్కడి పాత సుల్తానుల కోట ఆల్‌హంబ్రా గొప్పదే, కానీ లోపల నస్రిద్ ప్యాలెస్‌లకి టైమ్ స్లాట్ ఉంటుంది, ఆ టైమ్ దాటితే రానివ్వరు, పసిపిల్లకి కూడా పాస్‌పోర్ట్ పేరుతో టికెట్ ఉండాలి, స్ట్రోలర్ లోపలికి ఒప్పుకోరు. ఆ గోడల మీద చెక్కడాలు నీకూ నాకూ బావుంటాయి గానీ నాలుగేళ్ళదానికి ఏం పడతాయి? వాళ్ళు కాస్త పెద్దయ్యాక రండి.

ఇప్పుడు అసలు సంగతి. స్పెయిన్‌లో పిల్లలతో ఇబ్బంది పడేవాళ్ళందరూ టైమ్ దగ్గరే పడతారు. మన ఇళ్ళల్లోలా పన్నెండున్నరకి భోజనం, ఏడున్నరకి డిన్నర్, తొమ్మిదికి పడక అనుకుని వస్తే నరకం కనిపిస్తుంది. ఇక్కడ మధ్యాహ్నం భోజనం ఒకటిన్నర నుంచి మూడున్నర, నాలుగు దాకా, ఆ తర్వాత కిచెన్ మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకి తెరిస్తే తెరిచినట్టు. మే నెలలో దాదాపు తొమ్మిదైతే గానీ పొద్దు గుంకదు. పిల్లలు ఆరున్నరకి ఆకలి అని ఏడుస్తుంటే తెరిచి ఉన్న మంచి రెస్టారెంట్ దొరకదు, దొరికేవి టూరిస్టులకి ఫ్రోజెన్ పాయెయా, అంటే ఇక్కడి అన్నం వంటకం, పెట్టే హోటళ్ళే.

అందుకని ఈ ఊరి టైమ్‌లోకి మీరే వచ్చెయ్యండి, చాలా సులువవుతుంది. పొద్దున్న పది నుంచి ఒంటిగంటన్నర దాకా ఒక్కటంటే ఒక్కటే చూడండి. రెండింటికి కడుపునిండా భోజనం, రూమ్‌కెళ్ళి మూడున్నర నుంచి అయిదున్నర దాకా అందరూ పడుకోండి, మీ అత్తగారు కూడా. అయిదున్నర, ఆరింటికి చిరుతిండి టైమ్, ఇక్కడి స్కూల్ పిల్లలంతా అప్పుడే తింటారు, చుర్రోస్ అని నూనెలో వేయించిన పిండి కడ్డీలుంటాయి, వేడి చాక్లెట్‌లో ముంచి ఇచ్చావంటే ఇంక మాట్లాడరు, మాడ్రిడ్‌లో సోల్ అనే చౌరస్తా దగ్గర సాన్ హినెస్ అని 1894 నాటి షాపు ఉంది. తర్వాత పార్కు, తొమ్మిదికి డిన్నర్. రాత్రి పదింటికి కూడా ప్లాసాల్లో, అంటే ఊరి చౌకుల్లో, పిల్లలు బంతాట ఆడుతుంటారు, అమ్మానాన్నలు పక్కన టేబుళ్ళ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు, మీ వాడు కూడా వెళ్ళి కలిసిపోతాడు, భాషతో పనేముంది. మొదటి రెండు రోజులు మాత్రం జాగ్రత్త, మనకీ ఇక్కడికీ వేసవిలో మూడున్నర గంటల తేడా, సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి పిల్లల ఒంటికి రాత్రి తొమ్మిది అయినట్టే, అప్పుడు మొద్దునిద్ర పోనిస్తే తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం గంట పడుకోనిచ్చి లేపెయ్యి, ఏడ్చినా సరే.

తిండి గురించి. మధ్యాహ్నం "మెనూ దెల్ దియా" అని పెడతారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎక్కువగా దొరుకుతుంది, మొదట ఒకటి, తర్వాత ఒకటి, స్వీటో పండో, బ్రెడ్, తాగడానికి ఏదో ఒకటి, అన్నీ కలిపి పదిహేను యూరోల చుట్టుపక్కల. పిల్లలకి వేరే చెప్పకు, మీ ఇద్దరి ప్లేట్లలోంచే సరిపోతుంది. బంగాళదుంపల ఆమ్లెట్ ఉంటుంది, తోర్తియా, అది పిల్లలందరూ తింటారు. మీ అత్తగారు శాకాహారి, ఆవిడతో మాత్రం కష్టం. మాంసం వద్దు అని చెప్తే సరే అని సలాడ్ తెస్తారు, దాని మీద ట్యూనా చేప ఉంటుంది, బీన్స్ కూర తెస్తే అందులో హామ్, అంటే పందిమాంసం ముక్కలు, వాళ్ళ లెక్కలో అవి మాంసం కిందికి రావు మరి. "సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్" అని, అంటే మాంసం, హామ్, చేప, ట్యూనా లేకుండా అని, నాలుగూ విడివిడిగా చెప్పు, ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించు. టొమాటో రాసిన బ్రెడ్, వేయించిన చిన్న పచ్చిమిరపకాయలు, పతాతాస్ బ్రావాస్ అనే కారం సాస్ వేసిన వేయించిన బంగాళదుంపలు ఆవిడకి పడతాయి. ఒక పూట పెరుగన్నం పెట్టేస్తే ఇంక గొడవుండదు, కాబట్టి హోటల్ కాకుండా కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకో, అయిదుగురికి ఒకే హోటల్ రూమ్ ఎలాగూ దొరకదు. సూపర్‌మార్కెట్‌లో పెరుగు, బాస్మతి అన్నీ దొరుకుతాయి, ఆదివారం కొన్ని మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. మాడ్రిడ్‌లో లావపియెస్ పేటలో, బార్సిలోనాలో రావాల్‌లో మన పప్పులు, మసాలాల షాపులుంటాయి.

మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఫ్రీ. అంతా చూద్దామనుకోకు, గంట చాలు. వెలాస్కెస్ అనే చిత్రకారుడు 1656లో వేసిన లాస్ మెనినాస్ బొమ్మ ముందు నిలబెట్టి, కుక్క మీద కాలు పెట్టినవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోండి అను, మధ్యలో గౌనేసుకున్న రాకుమారికి అయిదేళ్ళు అని చిన్నదానికి చెప్పు, దానికి అది చాలు. గోయా అనే ఇంకో చిత్రకారుడి నల్ల బొమ్మల గదికి మాత్రం తీసుకెళ్ళకు, అందులో శాటర్న్ తన బిడ్డని తింటున్న బొమ్మ ఉంది, రాత్రి నీకు నిద్రుండదు. అక్కణ్ణుంచి రెతీరో పార్కు నడిచే దూరమే, చెరువులో పడవలుంటాయి, అల్లుడికి చెప్పు తెడ్డు ఆయనే వెయ్యాలి.

వాలెన్సియా ఎందుకు పెట్టానంటే అది పిల్లల ఊరు. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. 1957లో పెద్ద వరదొచ్చి ఊరు మునిగితే తూరియా నదినే ఊరి బయటికి మళ్ళించేశారు, ఎండిన పాత నదిని పొడుగునా తోట చేశారు, అందులో లిల్లీపుట్ మరుగుజ్జుల కథలోని గలివర్ నేల మీద పడుకుని ఉంటాడు, పేద్ద బొమ్మ, చేతుల మీద, కాళ్ళ మీద, బట్టల మడతల్లో అన్నీ మెట్లు, జారుడుబల్లలు, పిల్లలు లిల్లీపుట్ వాళ్ళలా పాకుతుంటారు. పైసా టికెట్ లేదు. అదే తోట చివర్లో ఓషనోగ్రాఫిక్ ఉంది, యూరప్‌లోని పెద్ద అక్వేరియాల్లో ఒకటి, దానికి మాత్రం డబ్బులు గట్టిగానే పోతాయి, అయినా పెట్టు.

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి టికెట్లు ఆన్‌లైన్‌లోనే కొను, పదకొండేళ్ళ లోపు వాళ్ళకి ఫ్రీ, ఆరేళ్ళు నిండనివాళ్ళని టవర్ల పైకి పోనివ్వరు కాబట్టి టవర్ టికెట్ దండగ. సాయంత్రం స్లాట్ తీసుకో, పడమటి అద్దాల్లోంచి ఎర్రటి, నారింజ వెలుగు లోపలంతా పడుతుంది. సముద్రం మేలో ఇంకా చల్లగానే ఉంటుంది, ఇసకలో ఆడించి తీసుకొచ్చెయ్యి. లా రాంబ్లా అనే పెద్ద వీధి మీదా మెట్రోలోనూ జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ టేబుల్ మీద పెట్టి తినొద్దు, బ్యాగ్ కుర్చీకి తగిలించొద్దు, పిల్లల జేబుల్లో నీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టు. ఏదైనా అయితే 112. చిన్నది నడుస్తుందిలే అనుకోకు, స్ట్రోలర్ తెచ్చుకో.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు, మన ఎండాకాలం సెలవులకి అందరూ ఎగబడతారు, జనవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకో. పెద్దవాళ్ళకి తొంభై యూరోలు, మీ వాడికి నలభై అయిదు, చిన్నదానికి లేదు, వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ వేరే. పిల్లల ఫారాల మీద మీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇన్సూరెన్స్ ముప్ఫై వేల యూరోలకి తగ్గకూడదు. వీసా వచ్చేదాకా హోటళ్ళు క్యాన్సిల్ చేసుకోగలిగేవే బుక్ చెయ్యి.

ఇంకోటి, మీ అమ్మ సూట్‌కేసు నింపకుండా చూడు. పాలూ మాంసంతో చేసినవి ఇక్కడికి తేనివ్వరు, నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఎయిర్‌పోర్ట్‌లో చూస్తే చెత్తబుట్టలో వేస్తారు. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా వద్దు, ఎంత సీజన్ అయినా సరే. ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి, నాకో సీసా ఎక్కువ పెట్టు. రైలు టికెట్లు నువ్వు కొనకు, డేట్లు ఖాయం కాగానే పంపిస్తే నేనే చూస్తాను.

పెద్దమ్మ