సమాధానం: నాన్నగారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) గురించి

తణుకు దగ్గర రైస్ మిల్లులో పనిచేసే మీ నాన్నగారి రిపోర్టులో 4000 హెర్ట్జ్ (కీచు శబ్దాల స్థాయి) దగ్గర గీత దిగిపోయిందని, అంటే అక్కడ వినికిడి తగ్గిందని రాశారు కదండీ. 8000 దగ్గర అది మళ్లీ పైకి లేస్తే చాలావరకు మిల్లు చప్పుడు పనే. వయసు వల్ల వచ్చిన లోపమైతే గీత సాధారణంగా దిగుతూనే పోతుంది. గ్రాఫ్‌లో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమవి.

డ్యూటీ దిగి నేరుగా వెళ్లి చేయించారా? అలాగైతే చెవి ఇంకా మొద్దుబారే ఉంటుంది, లెక్క తప్పొచ్చు. కోతల సీజన్‌లో సెలవు దొరకడం కష్టమే, అయినా ఒక రోజు మిల్లుకు వెళ్లకుండా ఉండి మర్నాడు పొద్దున్నే సౌండ్‌ప్రూఫ్ బూత్‌లో మళ్లీ చేయించండి. చెవి మిషన్లు అమ్మే షాపు వెనక గదిలో వద్దు. చెవి వెనక ఎముకకు ఆనించి చేసే పరీక్ష కూడా అడగండి. అది బాగుండి హెడ్‌ఫోన్ పరీక్షే తగ్గితే గులిమో, మధ్య చెవి సమస్యో అయ్యుండొచ్చు. అప్పటిదాకా చెవి మిషన్ కొనకండి.