ఆర్థిక సలహాలు: పాత గోల్ఫ్ డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే పెద్ద తల క్లబ్) తీసేసి 600 డాలర్లు పెట్టి కొత్తది కొనొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది 2011 నాటి టేలర్‌మేడ్ ఆర్11 డ్రైవర్. నాతో ఆడేవాళ్లంతా కొత్తవి కొనేశారు, నేనే వెనకపడుతున్నా. షాపువాళ్లు 600 డాలర్లకి 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డు మీద 4,200 బాకీ ఉంది, 24 శాతం వడ్డీ. కొనొచ్చా? పాతది ట్రేడ్-ఇన్ చెయ్యాలా (షాపుకే ఇచ్చి ధర తగ్గించుకోవాలా), హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడే మా బావగారికి ఇచ్చెయ్యాలా?

జవాబు: కొనండి, కానీ ఇప్పుడే వద్దు, ఈ ఏడాది మోడలూ వద్దు.

ముందు కార్డు సంగతి. 4,200 మీద 24 శాతం అంటే నెలకి దాదాపు 84 డాలర్లు వడ్డీకే పోతున్నాయండి, అసలు కదలకుండా ఏడు నెలలు వదిలేస్తే 588, అంటే బ్యాంకుకి మీరే ఓ డ్రైవర్ కొనిపెట్టినట్టు. పైగా ఆ 600 కూడా 600తో ఆగదు, మీ ఊళ్లో 8.25 శాతం సేల్స్ టాక్స్ కలిపితే 649.50. షాపు స్కీమ్ అగ్రిమెంట్‌లో డిఫర్డ్ ఇంటరెస్ట్ అని ఉందేమో చూడండి, ఉంటే మాత్రం పన్నెండో నెల దాటాక 20 డాలర్లు మిగిలిపోయినా కొన్న రోజు నుంచి వడ్డీ మొత్తం లెక్కగట్టి వేస్తారు, ఇప్పటికే కార్డు బాకీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. మీరు నెలకి 700 కట్టగలిగితే ఏడు నెలల్లో కార్డు తీరిపోతుంది, ఆ తర్వాతి నెల అదే 700లోంచి డ్రైవర్ క్యాష్‌తో తెచ్చుకోవచ్చు. కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ పోయేలా 401కె (రిటైర్మెంట్ పొదుపు)లో మీరు వేసేది తగ్గించి మాత్రం కొనకండి.

ఇక అసలు విషయం, 600 పెడితే ఏం వస్తుంది? డ్రైవర్ తల సైజు 460 సీసీ దాటకూడదని, ఫేస్ (బంతికి తగిలే ముందు భాగం) ఒక హద్దు దాటి స్ప్రింగులా కొట్టకూడదని గోల్ఫ్ రూల్స్ పెట్టే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థల నిబంధనలు మీ ఆర్11 రాకముందు నుంచే ఉన్నాయి. అందుకే ఫేస్ నట్టనడుమ తగిలిన బంతి విషయంలో పాతదానికీ కొత్తదానికీ మీరనుకునేంత తేడా ఉండదు. తేడా కనిపించేది పక్కకి తగిలినప్పుడు, కొత్తవాటిలో కార్బన్ వాడి మిగిలిన బరువుని అంచులకి జరిపారు కాబట్టి తల తక్కువ తిరుగుతుంది, బంతి మరీ అడవిలోకి పోదు. 2024లో పింగ్ కంపెనీ ‘జీ430 మ్యాక్స్ 10కే’ అనే డ్రైవర్ వచ్చింది ఈ లెక్క మీదే.

మరి మీకు ఎక్కడ తగులుతోంది? కాళ్లకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఒకటి తెచ్చి ఫేస్ మీద కొట్టి ప్రాక్టీస్ రేంజ్‌లో ఓ బకెట్ బంతులు కొట్టండి, మచ్చలన్నీ మడమ వైపో (కర్ర దగ్గర) మొన వైపో (అవతలి చివర) ఉంటే కొత్తది పనికొస్తుంది. నడుమే పడుతున్నాయంటే డబ్బు లోఫ్ట్ (ఫేస్ వాలు) మీదో షాఫ్ట్ (క్లబ్ కర్ర) మీదో పెట్టాలి, లేదా ఒక లెసన్ మీద. తర్వాత ఫిట్టింగ్‌కి (మీ స్వింగ్‌కి తగిన క్లబ్ కొలిచి చూసే చోటికి) వెళ్లండి, ఆర్11 కూడా పట్టుకెళ్లి లాంచ్ మానిటర్ (బంతి స్పీడ్, దూరం కొలిచే యంత్రం) మీద రెండూ పక్కపక్కన కొట్టండి, ఒక్క బెస్ట్ షాట్ చూసి మురిసిపోకుండా అన్నిటి సగటు క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) అడగండి. మీ స్వింగ్ గంటకి 90 మైళ్లు, బంతి స్పీడ్ 126 వస్తోందనుకుందాం, బాగా తగిలితే 133 రావాలి, ఆ 7 మైళ్లలోనే 14 గజాల దాకా ఉంటాయి. సగటున ఐదారు గజాలే తేడా వస్తే నేనైతే కొనను, గ్రిప్ మార్పించి ఇంకో ఏడాది ఆడతా. ఫేస్ పగిలితే (చప్పుడు మారిపోతుంది) అది వేరే సంగతి.

కొనేటప్పుడు జనవరి, ఫిబ్రవరి చూసుకోండి. చాలా కంపెనీలు కొత్తవి అప్పుడే దింపుతాయి, పోయినేటివి ధర పడిపోతాయి, రెండేళ్ల కిందటివి ఇంకా చవక. ఫిట్టింగ్‌లో తేలిన లోఫ్ట్, షాఫ్ట్ రాసుకుని వాటిల్లోనే వెతకండి. మార్కెట్‌ప్లేస్‌లో మరీ చవగ్గా కనిపిస్తే నకిలీ కావొచ్చు, కంపెనీల సొంత ప్రీ-ఓన్డ్ (వాడినవి అమ్మే) సైట్లు నయం.

2011 క్లబ్‌కి ట్రేడ్-ఇన్‌లో పెద్దగా ఏం రాదు, బావగారికే ఇవ్వండి. విమానంలో క్యాబిన్‌లోకి గోల్ఫ్ క్లబ్ రానివ్వరు, చెకిన్‌లోనే పెట్టాలి. ఆర్11 తల రెంచ్‌తో ఊడుతుంది కాబట్టి తల సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి, షాఫ్ట్ అట్ట ట్యూబులో పంపండి, ఆ రెంచ్ కూడా ఇవ్వడం మర్చిపోకండి.