ఎవరికీ రాని జబ్బు మీద చదువా?

ప్రశ్న: మాది పలాస. జీడిపిక్కల వ్యాపారం. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. మా మేనల్లుడికి ఒంటి మీద గోధుమరంగు మచ్చలొస్తే, విశాఖలో మాస్టోసైటోసిస్ అని తేల్చారు. అప్పట్నుంచీ ఆ జబ్బు మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. ఎవరికీ రాని జబ్బు మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏఐ డ్రగ్ డిస్కవరీ ఎంఎస్సీ ఉంది, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. మామూలు ఎంఎస్సీ, ఇది... రెండింట్లో ఏది మేలు?

జవాబు: జబ్బు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. మీరు ఉద్యోగమని రాశారు గానీ, అమ్మాయి ఏళ్ల తరబడి చదువుతూనే ఉండిపోతుందేమో, పెళ్లి వెనకబడుతుందేమో అన్నదే మీ బెంగ. అవునా?

ముందు మేనల్లుడి సంగతి. మాస్టోసైటోసిస్ అంటే, ఎలర్జీల్లో పనిచేసే మాస్ట్ కణాలు ఒంట్లో మరీ ఎక్కువగా పోగుపడటం. పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా చర్మంతోనే ఆగుతుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందికి మచ్చలు తగ్గుతాయి. ఆ మచ్చను రుద్దితే కాసేపట్లోనే దద్దురులా పొంగుతుంది, లోపలి మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని వదలడం వల్ల. అది చూసి ‘ఎందుకిలా?’ అని అడిగిన పిల్లను మందలిస్తారేంటండీ!

మీకు ఉద్దానం పక్కనే. అక్కడి కిడ్నీ జబ్బు మీద పని చేయాలంటే కవిటి, సోంపేట వైపు ఊరూరా రోగులున్నారు. ఇది అలా కాదు, ఒక్కో ఆసుపత్రికి వచ్చేది ఏ కొద్దిమందో. గుప్పెడు పిక్కలు చూసి ఆ ఏటి పంట ఎలాంటిదో మీరు చెప్పగలరా? అందుకే 2002లో యూరప్ డాక్టర్లు ఈ జబ్బు కోసమే ఈసీఎన్ఎం అనే నెట్‌వర్క్ పెట్టుకుని, తర్వాత వేర్వేరు దేశాల రోగుల వివరాలు ఒకే రిజిస్ట్రీలోకి చేర్చారు. జబ్బు ఒంట్లోకి పాకిన పెద్దవాళ్లలో ఎక్కువమందికి కిట్ జన్యువులో డి816వి అనే మార్పు ఉంటుంది. దానికి గురిపెట్టిన అవాప్రిటినిబ్ అనే మందుకి అమెరికాలో 2021లో ముదిరిన రకానికి, 2023లో నిదానంగా సాగే రకానికి అనుమతి వచ్చింది.

ఈ పనికి డాక్టర్లొక్కరే చాలరు. జన్యువుల్ని పరీక్షించే పీసీఆర్ చేసేవాళ్లు, కణాల్ని రకాలవారీగా లెక్కబెట్టే ఫ్లో సైటోమెట్రీ చూసేవాళ్లు, లెక్కలు కట్టే స్టాటిస్టిక్స్ వాళ్లు కావాలి. బ్లడ్ క్యాన్సర్ ల్యాబుల్లో చేసేదీ ఇదే పని. జబ్బు అరుదైనదే గానీ చేతికొచ్చే పని అరుదైనది కాదు. మాస్ట్ కణాల ల్యాబే దొరుకుతుందని మాటివ్వలేను, ఎలర్జీ, ఇమ్యునాలజీ వైపు వెళ్లాల్సి రావచ్చు.

ఇక ఆ ఏఐ కోర్సు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఏఐకి డేటా కావాలి, అరుదైన జబ్బుకు లేనిదే అది. బయాలజీ రాకుండా సాఫ్ట్‌వేర్ నొక్కడం నేర్పితే, ఆ సాఫ్ట్‌వేర్ మారిన రోజున పిల్ల చేతిలో ఏం మిగులుతుంది? ‘గ్యారంటీ’ అన్నవాళ్లను కిందటి బ్యాచ్ పిల్లల ఫోన్ నంబర్లు అడగండి. పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలంటారా, మామూలు ఎంఎస్సీ చదువుతూ సాయంత్రాలు నేర్చుకోవచ్చు. నేర్చుకోమనే చెప్తాను.

డబ్బు సంగతి. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000, ఇంటద్దె భత్యం అదనం. అప్పుడప్పుడు ఆలస్యంగా పడుతుంది, పోటీ కూడా గట్టిదే. కానీ ఆ కోర్సు ఫీజుకి అప్పు చేయడం కన్నా ఇది నయం. పెళ్లంటారా, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు నాకు చాలామందే తెలుసు, వాళ్లెవరూ చదువు మానలేదు.

అడ్వాన్స్ కట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ యూనివర్సిటీ ల్యాబు చూసి రండి. మీరు గుమ్మం దగ్గరే ఉండండి, ప్రశ్నలు తననే అడగనివ్వండి.