పాత చీరలతో బొంతలు కుట్టే గ్రూప్ పెడితే నిలబడుతుందా? మా సత్యనారాయణపురం అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు ఆరుగురు కలిసి పాత చీరలతో బొంతలు కుట్టే గ్రూప్ పెడదామనుకుంటున్నాం, కలిసి ఏమేం చెయ్యొచ్చు, నాలుగు వారాలకే చప్పబడిపోకుండా ఏం చెయ్యాలి అని అడిగారు కదండీ. మేం విజయవాడ సత్యనారాయణపురంలో నాలుగేళ్ళ నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా కూర్చుంటున్నాం, మొదట ఐదుగురం, ఇప్పుడు పదమూడుమందిమి, కాబట్టి మాకు తెలిసింది చెప్తాను.

ముందు ఒక్కటి చెప్పేస్తా. ఎవరి బొంత వాళ్ళు తెచ్చుకుని పక్కపక్కన కూర్చుని కుట్టుకునే పద్ధతైతే నిలబడదు. మేమూ అలాగే మొదలెట్టాం, మూడో వారానికి ఇద్దరే వచ్చారు, ఎందుకంటే ఆ పని ఇంట్లో సీరియల్ చూస్తూ కూడా చేసుకోవచ్చు కదా, దానికోసం తలుపు తాళం వేసుకుని మెట్లెక్కి రావాల్సిన పనేముంది. గ్రూప్‌ని నిలబెట్టింది మా వాచ్‌మన్ గారి అమ్మాయి. తను కాన్పుకొచ్చింది, పుట్టబోయే బిడ్డకి అందరం కలిసి ఒక్క బొంత కుడదామనుకున్నాం, అంతే, ఆ వారం నుంచి ఒక్కళ్ళు కూడా మానలేదు. అవతల ఒక మనిషి ఎదురుచూస్తుంటే, నా ముక్క ఒక్కటే మిగిలిపోయిందేమో అన్న ఆలోచనే లాక్కొస్తుంది మనల్ని. కాబట్టి మీరు మొదటి రోజే ఈ బొంత ఎవరికి అన్నది తేల్చుకోండి, డిజైన్ సంగతి తర్వాత.

ఆ మొదటి బొంతలోనే మేం చేసిన తప్పు కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. 3 అడుగులు 4 అడుగుల బొంత, అంటే అంగుళాల్లో 12కి 12 చదరాలు పన్నెండు, తలా రెండో మూడో ఇంటి దగ్గర కుట్టుకు రావాలి. 12 అంగుళాలు అన్నామేగానీ కుట్టుకి వదిలే గుడ్డ ఎంతో చెప్పుకోలేదు. కొందరు సరిగ్గా 12 కత్తిరించి జాకెట్లు కుట్టే అలవాటు కొద్దీ చుట్టూ అర అంగుళం కుట్టులోకి తీసేశారు, వాళ్ళవి 11 అయ్యాయి. ఇంకొందరు ముందే పన్నెండున్నర కత్తిరించి పావు అంగుళంలో కుట్టారు, వాళ్ళవి 12 వచ్చాయి. నాలుగు వరసలు కలిపేసరికి ఒక పక్క పొడవు 48, ఇంకో పక్క 44. లాగితే ముడతలు, వదిలితే సంచిలా ఉబ్బు. అన్నీ విప్పేశాం. ఆ రోజు మిక్సీ వచ్చిన అట్టపెట్టె కోసి పన్నెండున్నర అంగుళాల అట్టముక్క ఒకటి చేశాం, ఇప్పటికీ అదే మా కొలత, ఎవరు ఏ గుడ్డ తెచ్చినా ఆ అట్ట పెట్టి గీసిందే కత్తిరించాలి, కుట్టు పావు అంగుళమే.

కొలత అంత ముఖ్యమా అంటారేమో, చాలా ముఖ్యమండీ. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా వాళ్ళవాళ్ళు కుట్టిన పెద్ద బొంత ఒకటుంది, 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడే 1,920 ముక్కలు. ఒక్కో ముక్క 3 అడుగులు 6 అడుగులు, ఇంచుమించు ఒక మనిషి సమాధి అంత. ఎవరెవరో ఏ ఊళ్ళోనో ఏడుస్తూ కుట్టినవి అన్నీ ఒకదాని పక్కన ఒకటి అమరాయంటే ఆ కొలత అందరికీ ఒకటే కాబట్టి. ఇది మా పిన్ని కూతురు చెప్పింది, తను అక్కడ క్విల్టింగ్ గిల్డ్‌లో, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘంలో, మెంబరు, నెలకోసారి కలుస్తారట, కుట్టినవి నిలబడి అందరికీ చూపిస్తారట, ఆస్పత్రుల్లో పిల్లలకి కుట్టి ఇస్తారట. ఆ చూపించే పద్ధతి మేమూ పెట్టుకున్నాం, నెలాఖరు శనివారం ఎవరు ఏం కుట్టారో పట్టుకుని నిలబడాలి, సగంలో ఉన్నా సరే.

గుడ్డల సంగతి. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళకి వేసెయ్యకండి, ముందు కాటన్‌వన్నీ పక్కన పెట్టుకోండి. మీకు మంగళగిరి దగ్గరే కాబట్టి ఆ చీరలు ఇళ్ళల్లో బోలెడుంటాయి, బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి చీరంత మంచి గుడ్డ బొంతకి ఇంకోటి లేదు, కాకపోతే జరీ అంచు విప్పెయ్యండి, పిల్లలకి గుచ్చుకుంటుంది. చీర 5.5 మీటర్లుంటుంది కదా, మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, 4 అడుగులకి కాస్త తక్కువ వెడల్పు, అంటే ఒక్క చీరతోనే ఒక మనిషి కప్పుకునేంత మూడు పొరలు వచ్చేస్తాయి. మన ఎండలకి లోపల దూది, ఫోమూ ఏమీ అక్కర్లేదు. సిల్కూ పాలియెస్టరూ కలపకండి, జారిపోతాయి. ఇంకోటి, ప్రతి ముక్కనీ ముందే ఉతికి ఆరబెట్టండి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. ఆ చంటిబిడ్డ బొంత విప్పి మళ్ళీ కుట్టాక ఇచ్చేముందు ఉతికితే ఎర్ర సుంగుడి ముక్క రంగు దిగి పక్కనున్న తెల్ల పంచె ముక్కలన్నీ గులాబీ అయిపోయాయి, నాకైతే ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం బాగుందక్కా అని తీసుకుంది, బాబు ఇప్పుడు నర్సరీ, ఆ బొంత మీదే పడుకుంటాడు.

కుట్టు నేర్పడానికి యూట్యూబ్ కంటే మీ వీధిలో పెద్దావిడని ఒకరిని పట్టుకోండి. మా దగ్గర పక్క వీధి మామ్మగారు ఉన్నారు, 78 ఏళ్ళు. ఆవిడ చీర నేల మీద పరిచి నాలుగు మూలలా పొత్రం, రోకలి, రెండు చెంబులు బరువు పెడతారు, అరచేత్తో నడుమ నుంచి అంచుకి తుడుస్తూ ముడతలు వెళ్ళగొడతారు, అప్పుడు పొడుగు పొడుగు కుట్లు వేసి పొరలు కదలకుండా చేసి, ఆ తర్వాతే అసలు కుట్టు. నేను చేతికందినంత దారం లాగుతుంటే “మూరెడు తీసుకోవే, అంతకంటే పొడుగైతే ముడి పడిపోద్ది, విప్పుకోటానికే పొద్దుపోద్ది” అన్నారు, నిజమే, ఆ మూర దారంతో పని రెండింతలు సాగుతుంది. ఆవిడకి సూది బెజ్జం కనపడదు, అందుకని మా పిల్లలు వచ్చీరాగానే పది పదిహేను సూదులకి దారం ఎక్కించి గోడ మీద క్యాలెండర్‌కి వరసగా గుచ్చి పోతారు. బెంగాల్‌లో కాంతా, కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి అని పెద్ద పేరుంది కదా, మన బొంతదీ అదే రక్తం, సంక్రాంతికి గంగిరెద్దు వీపు మీద చూడండి ఎన్ని రంగులు కలిసి ఉంటాయో. అతుకుల బొంత అని ఎవరినైనా తక్కువ చేసి మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

కలిసి చేసిన వాటిల్లో పెద్దది 2024 వరదలప్పుడు. సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగింది, ఇళ్ళల్లో పరుపులూ దుప్పట్లూ బురదలో నాని పనికిరాకుండా పోయాయి. మేం వెంటనే ఏం ఇవ్వలేకపోయాం, బొంత ఒక్క రోజులో అయ్యేది కాదు. కానీ సాయాలన్నీ మొదటి రెండు వారాలు వచ్చి ఆగిపోతాయి, చలి మాత్రం కార్తీకంలో వస్తుంది, అప్పటికి అందాలని పెట్టుకుని వారానికి రెండు రోజులు కూర్చున్నాం, వస్త్రలత బట్టల మార్కెట్‌లో తెలిసిన షాపాయన కట్ పీసుల మూట ఊరికే ఇచ్చారు, మొత్తం 14 బొంతలు పట్టుకెళ్ళాం.

ఇంకోటి మా గ్రూప్‌లో ఒకావిడ కోసం కుట్టింది. ఆవిడ భర్త పోయి ఏడాదైంది, ఆయన చొక్కాలు తొమ్మిది సంచిలో పెట్టి తెచ్చారు గానీ కత్తెర చేతికిస్తే వెయ్యలేకపోయారు. రెండు శనివారాలు ఆ సంచి అలాగే తెచ్చి అలాగే పట్టుకెళ్ళారు, మేమెవరం ఏమీ అనలేదు. మూడోసారి మామ్మగారే “నేను కోస్తాను, నువ్వు ఏది ఎక్కడుండాలో చెప్పు” అన్నారు. ఒక చొక్కా జేబు మాత్రం అలాగే ఉంచమన్నారు ఆవిడ, పెన్ను కారిన నీలం మరకతో సహా. చదరం మధ్యలో ఆ జేబు వచ్చేలా అట్ట జరిపి జరిపి గీశాం, జేబు పైఅంచు కుట్టకుండా వదిలాం. ఇప్పుడు వాళ్ళ మనవడు పడుకునేటప్పుడు అందులో చెయ్యి పెట్టుకుంటాడట.

డబ్బులు పెద్ద విషయం కాదు, నెలకి తలా 100 వేసుకుంటాం, దారాలకీ సూదులకీ టీలకీ సరిపోతుంది. మిషన్ మీద కుట్టేవాళ్ళూ చేత్తో కుట్టేవాళ్ళూ వాదించుకుంటారు, చదరాలు మిషన్, పొరలు కలపడం చేత్తో అని తేల్చేసుకోండి. కుట్టకుండా కబుర్లకొచ్చేవాళ్ళని పంపెయ్యకండి, ముక్కలు ఇస్త్రీ చేసి ఇమ్మనండి. శ్రావణంలో, మే నెలలో సెలవు ఇచ్చెయ్యండి, లేకపోతే రాలేకపోయామే అని మొహమాటపడి అసలుకే మానేస్తారు.

మొదటి శనివారం తలా ఒక పాత కాటన్ చీర, ఉతికింది, తెచ్చుకోమనండి. ఆ రోజు కుట్టద్దు, అట్ట కోసి, చదరాలు గీసి, ఎవరికి కుడుతున్నారో ఆ పేరు అట్ట మీద రాయండి. చదరాలు కలిపేటప్పుడు ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడగండి, ఫోటో పెడితే చూసి చెప్తాను.