మా ఊరి మంచినీళ్ల చెరువు సమస్య ఎవరికి చెప్పాలి?

కోనసీమలో మీ ఊరి మంచినీళ్ల చెరువు పాడైందని, ఎవరికి చెప్పాలో తెలియట్లేదని అడిగారు. ముందు గ్రామ సచివాలయంలో అర్జీ రాసిచ్చి రశీదు తీసుకోండి. నోటిమాట నిలవదు. ఆ నీళ్లు తాగే ఇళ్లవాళ్లంతా, ముఖ్యంగా బిందెలు మోసే ఆడవాళ్లు, సంతకాలు పెడితే దానికి బరువుంటుంది.

అసలు చూసుకోవాల్సింది సమయం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలకు వేసవిలో నీళ్లు ఆపేస్తారు, చెరువు ఆలోపే నిండాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే టెన్షన్ తప్ప నీళ్లు రావు. అందుకే గట్టు, తూము, గుర్రపుడెక్క సంగతి జనవరి 26 గ్రామసభలోనే ఎత్తి తీర్మానం రాయించండి. పంచాయతీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. సమస్య చెరువుది కాక పొలాల పెద్ద మురుగు కాలువదైతే మాత్రం జలవనరుల శాఖకే చెప్పాలి.