డోర్ మీద అక్షరాలు దిద్దే పిల్లగాణ్ణి ఎంపీసీలో చేర్చాలా?

ప్రశ్న: మాది చిట్యాల. నా భర్త లారీ డ్రైవర్. బాబు ఈ ఏడు టెన్త్ పాసయ్యాడు. ఎంపీసీ వద్దంటున్నాడు. హైవే పక్కన షెడ్డులో బండ్ల వెనక డోర్ల మీద అక్షరాలకు రంగు వేస్తూ కూర్చుంటున్నాడు. మా మరిది పికప్ బండికి వాడు వేసిన రంగు రెండు వానలకే పొరలు లేచింది. "పెయింట్ గీసుకుంటే ఏమొస్తది?" అని వాళ్ల నాన్న కోపం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పికప్ దగ్గరికి వెళ్లి, రంగు నిలిచిన చోట అక్షరం అంచు చూడండి. తిన్నగా ఉంటే బాబుకు చెయ్యి ఉన్నట్టే. రంగుకు ముందు చేయాల్సిన పని ఎవరూ నేర్పలేదు, అంతే.

చాలా పికప్‌ల వెనక డోర్ మీద కంపెనీ పేరు రేకులోనే ఒత్తి ఉంటుంది. ఆ మూలల్లో మసి, గ్రీజు పేరుకుంటాయి. సబ్బుతో కడిగి, జిడ్డు తీసే క్లీనర్‌తో తుడిచి, 600 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) పాత రంగు మెరుపు పోయేదాకా రుద్దాలి. నున్నటి రంగు మీద కొత్త రంగు పట్టదు. బాబుది లేచింది బహుశా ఇందుకే. రేకు తేలిన చోట ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత, తప్పదు. ఉబ్బెత్తు అక్షరాలైతే చిన్న ఫోమ్ రోలర్‌కు రంగు తక్కువగా అద్ది పైపైన దొర్లిస్తే నెత్తి మీదే అంటుతుంది. లోపలికి దిగిన అక్షరాలకు ఓపిక కావాలి. అంచు వెంట మాస్కింగ్ టేప్ వేసి, పలచగా రెండు మూడు కోట్లు వేసి, రంగు పూర్తిగా గట్టిపడకముందే టేప్ లాగాలి. ఎండకు రేకు కాలుతున్నప్పుడు అసలు ముట్టుకోకూడదు.

ఇంత పని ఉంది కనుకే నేను దీన్ని చిన్నచూపు చూడను. చదును రేకు మీద రాతలను స్టిక్కర్లు చాలావరకు లాగేసుకున్నాయి. ఎత్తుపల్లాల అక్షరాల మీద మాత్రం స్టిక్కర్ అంచులు లేస్తాయి. అక్కడ ఇంకా చెయ్యే కావాలి.

కానీ ఒక్క షెడ్డునే నమ్ముకుని చదువు ఆపించకండి. ఐటీఐలో పెయింటర్ జనరల్ అనే రెండేళ్ల ట్రేడ్ ఉంది. ఈసారి ఎక్కడ సీట్లున్నాయో నల్లగొండ ప్రభుత్వ ఐటీఐలో అడగండి. బాబుకు రంగు కంటే అక్షరం మీదే మోజు ఉంటే ఇంటర్ చదవనివ్వండి, ఎంపీసీయే అక్కర్లేదు. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ అనే కళల డిగ్రీ చేయొచ్చు. ఈలోగా ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాయిస్తే చెయ్యి కుదురుతుంది. చేతివృత్తుల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం అని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. అందులోని 18 వృత్తుల్లో పెయింటర్ లేడు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే బండ్ల రంగులు చాలావాటిలో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే గన్‌తో కొట్టేటప్పుడు ఆ పొగమంచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు. మూతికి రుమాలు కట్టుకుంటే అది ఆగదు. 18 ఏళ్లు నిండేదాకా బాబుకు బ్రష్, రోలర్ చాలు, గన్ పట్టనివ్వొద్దు. షెడ్డు వాళ్లకు ఈ మాట మీరే చెప్పండి.

ఇక ఆ పికప్ డోర్. ఈ ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, లేచిన రంగంతా గీకించి మళ్లీ మొదటి నుంచి వేయించండి. పక్కన వాళ్ల నాన్నను కూర్చోబెట్టండి.